మంచిచోట ఆపడం

పురాణం చదివేవాళ్ళు చావు దగ్గర పుస్తకం మూయకూడదని మా అమ్మ నియమం. ఎంత పొద్దుపోయినా ఒక పెళ్ళో, పుట్టుకో, పట్టాభిషేకమో వచ్చేదాకా చదివి అక్కడ ఆపాలి. మధ్యాహ్నాలు మా వీధి ఆడవాళ్ళకు అక్కయ్య చదివేది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్ళు కూడా మంచిచోటు వచ్చేదాకా లేచేవాళ్ళు కాదు.

నేను బందరు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. చరిత్రలో మంచిచోటు చూసుకుని ఆపడం ఉండదు. ఏది ఎప్పుడు జరిగిందో అది చెప్పాలి.

అక్కయ్య ఇప్పుడు అవనిగడ్డలో కొడుకు ఇంట్లో ఉంటోంది. మతిమరుపు జబ్బు. ప్రతి శుక్రవారం చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళి, ఆమెకు నేనే పురాణం చదువుతున్నాను.

“నువ్వు చదువుతుంటే పిల్లల హాజరు పిలిచినట్టుంటుందే,” అంటుంది. ఆ వెక్కిరింత మాత్రం మరిచిపోలేదు.

నేను బస్సు దిగి వస్తానని కాబోలు, ఇంకో మాట కూడా నన్నే అడుగుతుంది. “మీ బావగారు బస్టాండులో కనిపించారా?”

బావగారు పోయి ఏళ్ళయింది. తిథి, వారం, వేళ చెప్పేదాన్ని. ఆమె అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేది. వంట అయ్యేసరికి అంతా మరిచిపోయి కంచం ముందు కూర్చునేది.

పోయిన శుక్రవారం అక్కయ్య కోడలు నన్ను గుమ్మంలోనే ఆపింది.

“చిన్నత్తయ్యగారూ, మావయ్యగారు గుడివాడ వెళ్ళారని చెప్పండి. వారం వారం ఆవిణ్ణి విధవను చెయ్యకండి.”

అక్కయ్య అడగగానే, “గుడివాడ వెళ్ళారక్కయ్యా, వచ్చేస్తారు,” అన్నాను.

“చెప్పి వెళ్ళొచ్చుగా ఆ మనిషి!” అంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. ఆ రోజు పురాణం కల్యాణ ఘట్టం దగ్గర ఆపాను.

కోడలు షుగరు ఇంజెక్షన్ ఇచ్చి అన్నం వడ్డించింది. అక్కయ్య కంచం పక్కకు జరిపింది.

“ఆయన్ని రానీ. ఆయన తినకుండా నేనెప్పుడు తిన్నాను?”

“గుడివాడలోనే తినేసి వస్తానన్నారు,” అన్నాను.

“నీకు చెప్పి, నాకు చెప్పలేదా?”

వీధి వాకిలి మీద నుంచి చూపు తిప్పలేదు. దుఃఖాన్ని గంటలో మరిచిపోయే మనిషి, ఎదురుచూపును మరిచిపోలేదు. ఇంజెక్షన్ పడ్డాక తిండి లేక షుగరు పడిపోయి, చేతులు వణకడం మొదలైంది. నుదుటి మీద చెమట పట్టింది. చక్కెర నీళ్ళు పట్టబోతే పెదవులు బిగించింది.

“చెప్పెయ్యండి చిన్నత్తయ్యగారూ,” అంది కోడలు.

చెప్పాను. తిథి, వారం, వేళ. ఏడుపుకు అక్కయ్య నోరు తెరుచుకుంది. ఆ సందున కోడలు చెంచాతో చక్కెర నీళ్ళు పోసింది. కాసేపటికి అన్నం కూడా తిన్నది, చారు బాగుందని మెచ్చుకుంటూ.

మనిషికి ఎలా బతకాలో పుస్తకాలు నేర్పుతాయని ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు చెప్పాను. అమ్మ నియమం అక్కయ్యకు అన్నం పెట్టలేకపోయింది. నా చరిత్ర పెట్టింది, కానీ ఎలా పెట్టిందో చూశాను.

రేపు శుక్రవారం. అక్కయ్య అన్నం తినాలి. బావగారు మళ్ళీ పోవాలి.