గోడ మీంచి పడ్డవాడి పేజీ

సైనికాధికారుల శిక్షణ పాఠశాలకు యాభై ఏళ్లు నిండబోతున్నాయి. అక్కడ చదివి అధికారులైన వాళ్లందరి చరిత్రా పుస్తకంగా తేవాలని పూర్వ విద్యార్థుల సంఘం అనుకున్నప్పుడు, రాసేదెవరన్న ప్రశ్నే రాలేదు. ఊళ్లో సగం మందికి చరిత్ర పాఠం చెప్పిన టీచరమ్మ ఉంది. రిటైరైంది, తీరికుంది, అక్షరం ముత్యంలా ఉంటుంది. ఆమె తమ్ముడు కూడా ఒకప్పుడు ఆ పాఠశాలలోనే ఉండేవాడన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రెండేళ్లు ఆమె ముందుగదిలో కుర్చీల్లో కూడా కూర్చునే చోటు లేకుండా పోయింది. అన్నిటి మీదా కాగితాలే. మనిషికో పేజీ. ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు చేరాడు, ఏ కొండల్లో ఏ చలికి కాపలా కాశాడు, ఎలా పోయాడు. భర్తలు పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, పెట్టెల అడుగున చీకట్లో పడుకున్న ఫొటోలను వెలుగులోకి తెచ్చింది. ఒకావిడ ఫొటో ఇస్తూ, "ఈయన పన్ను వంకరని నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేవారమ్మా. ఆ మాట రాస్తావా?" అని అడిగింది. రాసింది.

చివరికి తమ్ముడి బ్యాచ్ వచ్చింది. చేరినవాళ్లు నలభై ఒక్కరు, అధికారులైనవాళ్లు నలభై మంది. ఆమె నలభై ఒక్క పేజీలు రాసింది.

సంఘం అధ్యక్షుడు రిటైరైన బ్రిగేడియర్, అదే బ్యాచ్ వాడు. ఆఖరి పేజీని రెండు వేళ్లతో పక్కకు జరిపాడు.

"టీచర్ గారూ, ఇది పాసైనవాళ్ల పుస్తకం. నియమం నియమమే కదండీ."

"ఉద్యోగంలో చేరిన నెలకే చెప్పాపెట్టకుండా పారిపోయినవాడికి పేజీ ఉంది," అందామె. "క్యాంటీను సరుకు అమ్ముకుని శిక్ష పడ్డవాడికి ఫొటోతో సహా ఉంది. శిక్షణలో మీరు ఎక్కమన్న గోడ ఎక్కి పడ్డవాడికి లేదా?"

"వాళ్లు ప్రమాణం చేశారు."

"మావాడు నడుం విరగ్గొట్టుకున్నాడు."

బ్రిగేడియర్ గొంతు తగ్గించాడు. "చివర్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. అక్కడ వేద్దాం. నా మాట వినండి."

ఆ పేజీలో ఎవరున్నారో ఆమెకు తెలుసు. కాగితం అమ్మిన కొట్టు, వేదికకు పూలిస్తానన్న ఆసామి, అచ్చాఫీసు. ఆమె కట్ట మొత్తం సంచిలో వేసుకుని లేచింది. సంఘం ఆఫీసు మెట్లు దిగుతుంటే ఒళ్లు మండిపోతోంది. గోడల మీద వరసగా వేలాడుతున్న మీసాలూ పతకాలూ ఆమెను దిగేదాకా చూశాయి.

ఇంట్లో తమ్ముడు చక్రాల కుర్చీలో కూర్చుని ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. ముప్పై ఏళ్లుగా వీధిలో ఏ మిక్సీ మూలిగినా ఆ ఒళ్లోకే వస్తుంది.

"పూలాయన పక్కన వేస్తారట నిన్ను."

"మంచిదేగా. వాసనైనా వస్తుంది."

"నీకు రోషం లేదురా?"

"నా వాటా కూడా నువ్వే పడుతున్నావుగా అక్కా. ఆ స్క్రూ ఇటివ్వు."

ఇచ్చింది. అతను కాసేపు బిగించి, తలెత్తకుండానే అన్నాడు. "పడ్డ కొత్తలో సైన్యం ఆసుపత్రివాళ్లు నువ్వు సైనికుడివి కాదు పొమ్మన్నారు. బయట ఉద్యోగానికి వెళితే, సైన్యంలో చెడిపోయిన సరుకన్నారు. ఎటూ కానివాడికి పేజీ ఏమిటే? రాస్తే మాత్రం ఆ గోడ వాళ్లదేనని రాయి. నేనేదో తాగి డాబా మీంచి పడ్డానని వీధిలో ఇప్పటికీ అనుకుంటున్నారు."

ఆమె చేతిలోని మిక్సీ మూత టేబుల్ మీద పెట్టేసింది. కోపం అప్పటిదాకా మంటలా ఉండేది. ఇప్పుడు నీళ్లలా కిందికి దిగి, గడ్డకట్టింది.

వారం తిరక్కుండానే బ్రిగేడియర్ కారు ఇంటి ముందు ఆగింది. పుస్తకావిష్కరణకు ముఖ్య అతిథి ఖాయమయ్యాడు, కట్ట మాత్రం ఇంకా ఇక్కడే ఉంది. గుమ్మంలో నిలబడిన స్నేహితుణ్ని తమ్ముడు ఎగాదిగా చూశాడు.

"ఏరా బుడ్డోడా, ముప్పై ఏళ్లకు దారి తెలిసిందా?"

"నిచ్చెనా," అన్నాడు బ్రిగేడియర్. పాఠశాలలో అందరికంటే పొడుగు తమ్ముడు, అందరికంటే పొట్టి ఇతను. ఆ పేర్లు నోట పడగానే ఇద్దరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. టీ గ్లాసు బ్రిగేడియర్ ముందు పెట్టి, కలం తీసుకుని కూర్చుంది.

"మీవాడి పేజీ సరిచూస్తున్నాను. మీరూ వినండి. ఒరే, ఏ రోజురా అది?"

"పాసయ్యేవాళ్ల ఆఖరి కవాతుకు ఇంకా రెండు వారాలున్నాయనగా. సోమవారం," అన్నాడు తమ్ముడు. "ఎండగా ఉంది. తాడు పట్టుకుని పైదాకా ఎక్కాను, జారాను."

"సోమవారం ఏమిట్రా, శనివారం," బ్రిగేడియర్ టీ తాగుతూ అనేశాడు. "ఎండెక్కడిది? పొద్దుట్నుంచీ వానే. తాడు తడిసిపోయింది, ఎక్కలేమురా బాబూ అని అందరం మొత్తుకున్నాం. అయినా ఎక్కించారు. నీ వెనక నేనే కదా ఉన్నది."

టీచరమ్మ రాసుకుంటూ పోయింది. శనివారం, వాన, తడిసిన తాడు, వద్దన్నా ఎక్కించారు. ఒక్కో మాటా కాగితం మీద పడుతుంటే బ్రిగేడియర్ చేతిలో గ్లాసు నెమ్మదిగా కిందికి దిగింది.

ఆమె కాగితం అతని వైపు తిప్పింది. "ప్రతి పేజీ కిందా కళ్లారా చూసినవాళ్ల సంతకం ఉండాలన్న షరతు మీ సంఘానిదే."

"టీచర్ గారూ, ఇది ఇలాగే అచ్చయితే పాఠశాల మీదికి వస్తుంది. నేను అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న మనిషిని."

"మావాడు ఈ కుర్చీలో కూర్చున్నాడు."

బ్రిగేడియర్ జేబులోంచి కలం తీశాడు. మూత విప్పి, మళ్లీ పెట్టి, జేబులో దోపుకున్నాడు. "వస్తానురా," అన్నాడు.

"టీ తాగి వెళ్లరా," అన్నాడు తమ్ముడు. అతను ఆగలేదు.

కారు చప్పుడు వీధి మలుపులో కరిగిపోయేదాకా టీచరమ్మ అలాగే కూర్చుంది. తర్వాత పేజీ అడుగున రాసింది: చూసినవారు ఉన్నారు, సంతకం చేయలేదు. ఈ పేజీ లేకుండా కట్ట గడప దాటదని, కావాలంటే మళ్లీ మొదటినుంచీ ఎవరిచేతనైనా రాయించుకోమని సంఘానికి చీటీ రాసింది. ఆ పేజీకి మాత్రం నకళ్లు తీయించి బ్యాచ్‌లోని నలభై మంది ఇళ్లకూ పంపాలని కవర్ల మీద చిరునామాలు రాయడం మొదలుపెట్టింది. పోయినవాళ్లుంటే వాళ్ల భార్యల పేర.

"వాడికీ పంపుతావా?" అడిగాడు తమ్ముడు.

"మొదటిది వాడికే."

తమ్ముడు చెయ్యి చాచి పేజీ తీసుకుని చదువుకున్నాడు. మళ్లీ చదివాడు.

"వాన పడిందని నాకసలు గుర్తే లేదక్కా," అన్నాడు. "ఇన్నేళ్లూ నా కాలే సరిగ్గా పట్టలేదనుకున్నాను."