పడవ తాత రాట

ఎస్టీడీ బూతు ముందు జనం చిల్లర గుప్పిట్లో పట్టుకుని వరసలో నిలబడే కాలమది. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని కుర్రాడు ఇంట్లో ఉంటే వీధి వీధంతా వాడికి సలహాదారే. ఒకాయన టైపు నేర్చుకోమనేవారు, ఇంకొకాయన గల్ఫు వెళ్లమనేవారు. నేను ఎవరి మాటా వినకుండా అన్నీ మొదలుపెట్టేవాణ్ణి. కొవ్వొత్తులు పోశాను, అవి మే నెల ఎండకి గుడి కిటికీలోనే వంగిపోయి ఒకదానికొకటి వందనం చేసుకున్నాయి. పుట్టగొడుగులు పెంచాను, అవి తప్ప మిగతా బూజంతా పెరిగింది. ప్రభువు నా కోసం ఒక పని ఏర్పాటు చేశాడన్న నమ్మకం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ పనేదో ఆయన చెప్పేదాకా ఆగే ఓపికే అప్పట్లో ఉండేది కాదు. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే కాళ్లు ఊగేవి. "మోకాళ్ల మీద ఉన్నప్పుడైనా నిలకడగా ఉండరా" అని మా అమ్మ పక్కనుంచి గిల్లేది.

మా ఊరు మండపేట వైపు వరి పొలాల మధ్య ఉంటుంది. ఏటా మార్చిలో మా సంఘం మూడు రోజులు సభలు పెట్టుకునేది. ఒక ఏడాది గాలివానకి తాటాకు పందిరి ఎగిరి కాలవలో పడ్డాక, పెద్దలంతా కలిసి రాజమండ్రిలో ఇనప గొట్టాలతో విప్పి బిగించుకునే గుడారం చేయించారు. పదహారు రాటలు, పైన అడ్డగొట్టాలు, మీద కప్పడానికి టార్పాలిను. ఒక్కో రాట ఒక్కో కుటుంబం ఇచ్చింది. మావాళ్లు ఫ్యానిచ్చినా రెక్కల మీద పేరు రాయించుకుంటారు కదా, అలాగే ప్రతి రాటకీ తెల్ల రంగేసి, నీలి అక్షరాలతో చనిపోయిన పెద్దల పేర్లు రాయించారు. పడవ తాతదీ ఒకటుంది. వంతెన పడకముందు రేవులో పడవ నడిపిన మనిషి. ఆయన భార్య గొడుగు మామ్మ (ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే) సభలు జరిగిన మూడు రోజులూ ఆ రాటకే వీపు ఆనించి కూర్చునేది. ఇంకెవరైనా అక్కడ చాప పరిస్తే, "లే అమ్మా, అది మా ఆయన పక్క" అని గొడుగు కొనతో పొడిచి మరీ లేపేది.

సభలయ్యాక గుడారం విప్పి గుడి వెనక పడేసేవాళ్లు. ఆ ఏడాది యువజనుల కార్యదర్శిని నేనే కాబట్టి అది నా బాధ్యత. ఆగస్టులో ఒక ఆదివారం పాస్టరు గారు ప్రసంగిస్తూ, "వాడకుండా పడేస్తే ఇనుమైనా తుప్పు పడుతుంది" అన్నారు. అప్పటికి వారం నుంచి నేను నాటుకోళ్ల పెంపకం గురించి దేవుణ్ణి అడుగుతున్నాను. దొడ్డి కట్టడానికి కర్రల్లేవు. ఇంతకన్నా స్పష్టమైన జవాబు ఏ ప్రవక్తకి వచ్చింది? పైగా పిచ్చుకకి బలిపీఠం దగ్గర గూడు దొరికిందని కీర్తనకారుడే పాడుకుంటే, కోడికి గుడారంలో చోటివ్వడం తప్పెలా అవుతుంది? సోమవారం పొద్దున్నే రెండు రిక్షాల్లో గుడారాన్ని మా పెరట్లోకి చేర్చేశాను.

అంతెత్తు రాటలు కోళ్లకెందుకని ప్రతి రాటనీ రెండడుగులు భూమిలోకి దింపాను. వానల్లో మా రేగడి మట్టిలో రాట దిగడం పెరుగులో గరిటె దిగినట్టే. చుట్టూ చేపల చెరువు పాత వల కట్టాను. సాయంత్రానికి దొడ్డి తయారు. మా అమ్మ వచ్చి చూసి, "పెద్దోళ్లందర్నీ నడుం దాకా పాతేశావేంట్రా!" అంది. కోళ్లు అడ్డగొట్టాల మీదెక్కి పడుకునేవి, వాటి పనేదో అవి కింద పేర్ల మీద కానిచ్చేవి. నేను రోజూ పొద్దున్నే తడి గుడ్డతో పదహారుమంది పెద్దల్నీ తుడిచేవాణ్ణి. మర్యాద మర్యాదే.

పుట్టే ప్రతి పదో పిల్లా ప్రభువుదని మొక్కుకున్నాను. ముంగిస వచ్చి మొదటి పిల్లని ఎత్తుకెళ్లినప్పుడు, "అది ప్రభువుదే లేమ్మా" అన్నాను. రెండోది పోయినప్పుడు మా అమ్మ నడుం మీద చెయ్యేసుకుని, "మరి ఇదెవరిది?" అంది.

"ఇది ముందస్తు కానుక."

"ఆయ్. నీ లెక్కన ఆ ముంగిస పాస్టరు గారన్నమాట."

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గొడుగు మామ్మ నన్ను మెట్ల దగ్గర ఆపేసింది. "ఒరే అబ్బాయ్, వచ్చే బుధవారం తాత జ్ఞాపకార్థ కూడిక మా ఇంటి ముందు పెట్టుకుంటన్నాం. మార్చి దాకా ఉంటానో లేదో. గుడారం వేయించు. ఆయన రాట నా పక్కకి రావాల."

"అలాగే మామ్మగారండి."

"తుప్పుగాని పట్టలేదు కదా?"

"లేదండి."

"జాగర్తగా ఉంచావా?"

"రోజూ తుడుస్తున్నానండి." (ఇది మాత్రం నిజం. కోడి కూసేలోగా ప్రభువుని ఎరగనని బొంకిన పేతురు గుర్తొచ్చి, ఎక్కడైనా కోడి కూస్తుందేమోనని భయంగా చెవులు రిక్కించాను. కూయలేదు. కూసి ఉంటే అక్కడే ఒప్పేసుకునేవాణ్ణేమో.)

ఇంటికెళ్లి రాట పట్టుకుని లాగితే కదల్లేదు. ఊపితే నేనే ఊగాను. ఆగస్టులో పెరుగులా ఉన్న మట్టి ఫిబ్రవరికి బండరాయి అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం దాకా బిందెలతో నీళ్లు పోయడం, గునపంతో తవ్వడం, రాటని కౌగిలించుకుని కుదపడం, మళ్లీ నీళ్లు. అన్నం నిలబడే తిన్నాను. వల విప్పగానే కోళ్లు వీధిన పడ్డాయి. ఒక చేత్తో గునపం, ఇంకో చేత్తో గంప పట్టుకుని వాటి వెంట పరిగెత్తాను. పదిహేను రాటలు ఊడాయి. పదహారోది పడవ తాతది. దాని మొదట్లోనే నల్లపెట్ట పన్నెండు గుడ్ల మీద కూర్చుని ఉంది. పద్దెనిమిది రోజులైంది. నీళ్లు పోస్తే గుడ్లు మురిగిపోతాయి, తవ్వితే పెట్ట లేచిపోతుంది. నేను బిందె ఎత్తానో లేదో మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఊదుగొట్టంతో వచ్చేసింది.

"దాన్ని లేపావంటే నీకు ఈ ఇంట్లో కూడు లేదు. మూడ్రోజులాగు."

"కూడిక రేపేనే అమ్మా!"

"అయితే మామ్మకి నిజం చెప్పు."

నిజం తప్ప అన్నీ ఆలోచించాను. బుధవారం పొద్దున్నే సరైన లావున్న వెదురు కోసి, తెల్ల రంగేసి, నీలిరంగుతో తాత పేరు ఉన్నదున్నట్టు దించేశాను. నా దస్తూరి బాగుంటుందని బళ్లో పేరు. పదిహేను ఇనప రాటల మధ్య వెదురు రాట నిలబెట్టి, సాయంత్రం కూడికకి వెనక వరసలో కూర్చున్నాను. కాళ్లు ఊగుతూనే ఉన్నాయి.

మామ్మ ఉతికిన తెల్ల చీర కట్టుకుని వచ్చి, గొడుగు పక్కన పెట్టుకుని రాటకి ఆనుకుంది. వెదురు కిర్రుమంది. ఆవిడ కొంచెం సర్దుకుని మళ్లీ ఆనుకుంది. మళ్లీ కిర్రుమంది. పాట అయింది, వాక్యం చదివారు. ప్రార్థనకి అందరం లేచి నిలబడ్డాం. ఆవిడా లేచింది. వెనకున్న మాకందరికీ ఆవిడ వీపు మీద తాత పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి, నీలంగా, నిండుగా కనబడింది. రంగు ఆరలేదు. పాస్టరు గారు కళ్లు మూసుకుని ఎంత భక్తిగా ప్రార్థిస్తున్నారో, వెనక వరసలు అంత భక్తిగా నోళ్లు మూసుకున్నాయి. ఆమెన్ అన్నాక ఎవరో ఆవిడ చెవిలో చెప్పారు. మామ్మ వెనక్కి తిరిగి, రాటని గోటితో గీకి, వెదురు తేలాక తిన్నగా నా వంకే చూసింది.

"మీ తాత ఏడిరా?"

సంఘమంతా నా వైపు తిరిగింది. చివరికి, "మా కోళ్ల దొడ్లో ఉన్నాడండి" అన్నాను. ఆ మాట బయటికొచ్చాక నా కాళ్లు ఊగడం ఆగింది. ఆ సంగతి ఇప్పటికీ బాగా గుర్తు. పాస్టరు గారి ప్రసంగం గురించి, పిచ్చుక గురించి, రేగడి గురించి, నల్లపెట్ట గురించి అంతా చెప్పేశాను. పాస్టరు గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆ మాట నేను నీ గురించే అన్నాను బాబూ, గుడారం గురించి కాదు" అన్నారు.

మామ్మ గొడుగు తీసుకుని మా ఇంటి దారి పట్టింది. చాపలు చంకన పెట్టుకుని కూడిక కూడిక అంతా ఆవిడ వెనకే. మా పెరట్లో ఒంటరిగా నిలబడ్డ రాటనీ, దాని మొదట్లో ఒళ్లు ఉబ్బించుకుని గుర్రుమంటున్న పెట్టనీ ఆవిడ గొడుగు ఊతంగా వంగి చూసింది. నేను తిట్ల కోసం తల వంచుకున్నాను.

"బతికున్నన్నాళ్లూ సంచిలో కోడి కనపడితే పడవెక్కనిచ్చేవాడు కాదు," అంది మెల్లగా. "రెక్కలు కొడితే పడవ ఊగుద్దంటా. ఇప్పుడు చూడు, కదలకుండా ఎలా కాపలా కాస్తన్నాడో!" భుజాలు కదిలేలా నవ్వి, పెట్ట బెదరకుండా ఇంత దూరంలో చాప పరిపించుకుని, "పాస్టరు గారండి, మిగతాది ఇక్కడ కానివ్వండి" అంది. ఆ కూడికలో మేము గొంతు తగ్గించి పాడాం. పెట్ట కోసం.

పిల్లలు గురువారం పొద్దున్న మొదలుపెట్టి శుక్రవారానికి తొమ్మిది లేచాయి. ఒక్క రోజు ముందు లేచి ఉంటే నాకు సంఘంలో చెప్పుకోడానికి ఎంత గొప్ప సాక్ష్యం దొరికేది! దేవుడు నా తొందర ఎరిగినవాడు కనక ఆ అవకాశం ఇవ్వలేదు. పదోది లేవకపోయినా, ఒకదాన్ని మామ్మకే ఇచ్చాను. రాట మాత్రం మార్చి సభలకి కూడా తియ్యనివ్వలేదావిడ. "ఉండనీరా, ఇక్కడ ఆయనకి పొద్దు పోతంది" అంది. మధ్యాహ్నాలు వచ్చి దానికి ఆనుకుని బియ్యంలో రాళ్లు ఏరుకునేది.

ఇప్పుడు సభలకి షామియానా అద్దెకి తెస్తున్నారు. మామ్మ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. తాత పేరు కిందే ఆవిడ పేరు నేనే రాశాను, రెండు రోజులు ఆరనిచ్చాను. కోళ్లు లేవు, రాటకి బట్టలారేసుకునే తాడు కట్టుకున్నాం. సంఘంలో నన్నిప్పుడు పెద్ద అంటారు, నిలకడ గల మనిషినంటారు. అది విన్నప్పుడల్లా గంపా గునపం పట్టుకుని వీధిలో కోళ్ల వెంట పరిగెత్తిన ఆ కుర్రాడు నాలోంచి కిసుక్కుమంటాడు. అందుకే ఏటా తొలి వానలకి మట్టి మెత్తబడగానే, ఎవరూ చూడకుండా వెళ్లి రాటని ఒకసారి ఊపి చూస్తాను. కదలదు. అప్పుడు దానికే వీపు ఆనించి, కాళ్లు కాసేపు ఊగనిస్తాను.