మామయ్య ఫోటోకు దండ

సూర్యాపేటలో పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు పెట్టే చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. వాట్సాప్‌లో లింకుతో పాటు కనిపించే బొమ్మ దానంతట అదే తయారయ్యేలా ప్రోగ్రాం రాసుకున్నాను. పేజీలో మొదటి ఫోటో తీసుకుంటుంది, శ్రద్ధాంజలి అయితే దండ వేస్తుంది.

తాతయ్య సంవత్సరీకానికి, మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే మామయ్య ఫోటోలు పంపాడు. ఫ్లెక్సీల్లో వేసినట్టు తాతయ్యదానితో పాటు తనదీ పంపాడు, తనదే ముందు. చూసుకోకుండా పేజీ చేసి, లింకు చుట్టాల గ్రూపులో పెట్టేశాను.

కోదాడ పుట్టింట్లో ఉన్న అత్తయ్య వెంటనే ఫోన్ చేసింది. "పొద్దున మంచిగనే మాట్లాడిండు గదనే, మీ మామకేమైంది?"

గ్రూపు తెరిస్తే మామయ్య నవ్వుతున్నాడు, ఫోటోకు దండ.

"తప్పు ఫోటో పడింది అత్తయ్యా."

"మరి ఫోనెందుకు ఎత్తుతలేడు?"

నేనూ చేశాను. ఎత్తలేదు. ఆ బొమ్మ చేసింది నా ప్రోగ్రామేనని తెలుసు. అయినా ఏడోసారీ ఎత్తకపోయేసరికి తిరిగే మిల్లు బెల్టులు కళ్లముందు మెదిలాయి.

పదోసారికి ఎత్తాడు. "మిల్లు సప్పుడుకు ఇనవడలే బిడ్డా. తాతది పెట్టినవా?"

"పెడుతున్నా మామయ్యా" అంటూ గ్రూపులోంచి లింకు తీసేశాను.

ఇప్పుడు ప్రతి బొమ్మనూ చూశాకే పంపుతున్నాను. ఆ ఒక్కటి మాత్రం ఇంకా కంప్యూటర్లోనే ఉంది. చెరిపేయాలంటే దాన్ని మళ్లీ చూడాలి.