ఏడో కడ్డీ చప్పుడు

బాయిలర్ల తనిఖీ ఉద్యోగంలో నేను ఒంటరిగా చేసిన మొదటి పని అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి పొడి ఫ్యాక్టరీలో. కాగితం మీద ఒంటరిగానే, కానీ వెంట మా నాన్నగారు ఉన్నారు. ఆ పొద్దున అమలాపురంలో బయల్దేరబోతుంటే నా స్కూటీ టైరు గాలి పోయి నేలకి అంటుకుపోయి ఉంది. నాన్నగారు వేదపాఠశాలలో పిల్లలకి పాఠం చెబుతారు. ఆ రోజు వాళ్లకి సెలవు. "పద, నేను దింపుతాను" అని తన మోపెడ్ తీశారు.

ఫ్యాక్టరీ యజమాని గేటు దగ్గరే ఎదురొచ్చారు. పంచె, పిలక, విభూతి రేఖలతో ఉన్న నాన్నగారిని చూసి కంగారుపడ్డారు.

"దండాలండి. పూజకి మేమెవరికీ కబురు చేయలేదండి. ఈవేళ బాయిలర్ ఆఫీసరుగారొస్తున్నారండి."

"వచ్చేరు కదండీ. అదిగో, ఆవిడే. నేను డ్రైవర్ని" అన్నారు నాన్నగారు.

యజమాని నా హెల్మెట్‌నీ చేతిలో సుత్తినీ చూసి "ఆయ్, రండి మేడమ్‌గారూ" అంటూ నవ్వేశారు. షెడ్డులో కొబ్బరి ముక్కల మీది గోధుమరంగు పొర చెక్కుతున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. వాళ్లలో ఒకావిడ లేచి నాన్నగారికి కుర్చీ వేసింది, సరిగ్గా బాయిలర్ పక్కన.

ఆ బాయిలర్ పాతది. పక్క రాష్ట్రంలో కొని లారీ మీద తెచ్చుకున్నారు. దాన్ని లోపలా బయటా పరీక్షించి, ఇక్కడి పేరు మీదికి మార్చి, అనుమతి ఇస్తేనే ఆవిరి పెట్టాలి. నీళ్లు తీసేసి ఆరబెట్టారు. గొట్టాలన్నీ మూశారో లేదో చూసుకుని, బాయిలర్‌కి మంట వేసే ఫైర్‌మన్‌ని కంత దగ్గర కాపలా ఉండమని చెప్పి, దీపం పట్టుకుని పైకంతలోంచి లోపలికి దిగాను. పడుకుని పాకడానికే చోటుంది. ముందు పలకనీ వెనక పలకనీ పట్టి ఉంచే లావు ఇనప కడ్డీలు నా తలకి అటూ ఇటూ ఉన్నాయి. ఒక్కోదాన్నీ సుత్తితో కొట్టి చూడాలి. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపలేమో ఒక దెబ్బ మోత ఆగకముందే ఇంకో దెబ్బ మోత వచ్చి కలిసిపోతోంది. అన్నీ బాగున్నట్టే అనిపించి, ఒళ్లంతా తుప్పుతో బయటికొచ్చాను.

నాన్నగారు కుర్చీలో ముందుకి వంగి ఉన్నారు.

"అమ్మడూ, ఏడో దెబ్బ ఇంకోసారి కొట్టి చూడు."

"ఎందుకండీ?"

"మిగతావన్నీ ఒక్క స్థాయిలో పలికేయి. అదొక్కటి కిందికి జారింది. వల్లెవేసేటప్పుడు మా పిల్లలు కూడా ఇలాగే జారుస్తూ ఉంటారు."

నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ నాన్న చెబితే విన్న ఆఫీసరునవుతానని. అయినా వదిలేయడానికి మనసొప్పక మళ్లీ దిగాను. ఏడో కడ్డీని కొట్టి, మోత పూర్తిగా ఆగేదాకా ఊపిరి బిగబట్టాను. అక్కడ నిజంగానే ధబ్బుమంది. వెనక పలక దగ్గర పేరుకున్న సున్నప్పొర గీకితే, కడ్డీ చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించింది. ఆవిరి ఒత్తిడికి ఆ కడ్డీ తెగితే పలకే ఊడి రావచ్చు. ఆ పక్కనే రోజంతా ఆ ఆడవాళ్లు కూర్చుంటారు.

"అయితే ఆగిపోయినట్టేనాండి?" అన్నారు యజమాని, మొహం చిన్నబుచ్చుకుని.

"కడ్డీ మార్చేదాకా ఆగిందండి. మార్చాక ఎవరు కబురు చేసినా చేయకపోయినా నేనే వస్తాను."

ఇంటి ముందు బండి ఆపి నాన్నగారు, "కోపంగా ఉన్నా మళ్లీ దిగేవు చూడు, అది బాగుంది" అన్నారు. అంతే.

మలికిపురం నుంచి గల్ఫ్ వెళ్లి వచ్చిన, సర్టిఫికెట్ ఉన్న వెల్డరు కొత్త కడ్డీ బిగించాడు. రెండోసారి వెళ్లే రోజు నా స్కూటీ బాగానే ఉంది. చూస్తే నాన్నగారు కండువా వేసుకుని అరుగు మీద తయారుగా ఉన్నారు. "ఆ కొత్తది ఎలా పలుకుతుందో వినొద్దూ?"

ఈసారి ప్రతి దెబ్బకీ మధ్య ఆగి కొట్టాను. నాన్నగారు కళ్లు మూసుకుని, పిల్లలకి స్వరం చూపించినట్టు వేలు ఎత్తుతూ దించుతూ విన్నారట. నేను బయటికొచ్చేసరికి తల ఊపారు. తరవాత నీళ్లు నింపి ఒత్తిడి పెంచాం. ఒత్తిడి చూపించే గేజులో ముల్లు అరగంట కదలకూడదు. ఆడవాళ్లు కత్తులు పక్కనపెట్టి వచ్చి మూగారు. ముల్లు కదల్లేదు.

"ఇంక మేం దీని పక్కన బెంగలేకుండా కూకోవచ్చా అమ్మా?" అంది కుర్చీ వేసినావిడ.

"కూర్చోవచ్చండీ" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికే ఇంత చదువూ చదివానేమో అనిపించింది.

మరో రెండు రోజులకి ఆవిరి పెట్టి చూశాం. ఒత్తిడి హద్దు దాటగానే సేఫ్టీ వాల్వు లేచి, చెవులు చిల్లులు పడేలా బుస్సుమంది. అందరికంటే ముందు గేటు దాకా పరిగెత్తింది నాన్నగారే. కండువా దారిలోనే పడిపోయింది. ఆడవాళ్లు విరగబడి నవ్వుతూ దాన్ని తీసుకుని ఆయన వెనకాలే వెళ్లారు.

"అయ్యగారోయ్, అది మంచికేనంటండి! రండి!"

ఆయన కూడా నవ్వుకుంటూ, పంచె సర్దుకుంటూ వెనక్కి వస్తున్నారు. నవ్వాపుకోలేక అనుమతి కాగితం మీద నా సంతకం వంకరపోయింది.