ఎర్ర గీత దాటిన ముల్లు

మొన్న ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర మా ఆటో ఆగినప్పుడు పక్కనున్న ట్రాలీ బండి ముందు నుంచి గుప్పున ఆవిరి లేచింది. ఉడికిన నీళ్లూ, తుప్పూ, కాలిన రబ్బరూ కలిసిన ఆ వాసన వానగాలితో పాటు ఆటోలోకి వచ్చేసింది. "రేడియేటర్ ఖతం" అని మా డ్రైవరు నవ్వాడు. నాకు మాత్రం అరచేతులు చల్లబడిపోయాయి. కొంగు పిడికిట్లో బిగించి నరసింహస్వామిని తలుచుకుంటూ కూర్చున్నాను. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే నా ఒళ్లు నా మాట వినదు. ఆ వెంటనే సుభద్ర పెద్దమ్మ కళ్లముందుకు వస్తుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. నేనివాళ పిల్లలకు లెక్కలూ సైన్సూ చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఆ రుణం తీరేది కాదు కనుక కనీసం ఆమె గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మాది పోచంపల్లి వైపు నేతపని కుటుంబం. నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో కుదిరాక సరూర్‌నగర్ దగ్గర ఒక గల్లీలో కిరాయికి దిగాం. పై వాటాలో మేము, కింద ఇంటి ఓనరు సుభద్ర పెద్దమ్మ. నేను చిన్న తరగతుల్లో ఉండగా మా అన్న బడికి పోతూ మెయిన్ రోడ్డు దాటబోయాడు. ఇంటికి తిరిగి రాలేదు. ఆ తర్వాత అమ్మ నా బడి మాన్పించింది. గేటు దాటనివ్వలేదు. నాన్న దుకాణం నుంచి రావడం కాస్త ఆలస్యమైతే పిట్టగోడ పట్టుకుని నిలబడేది. పక్కన నేను. ఆమె రెండో చెయ్యి నా భుజం మీద ఉండేది. హారన్ మోగితే ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడేవాళ్లం.

పెద్దమ్మది తెనాలి. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయింది. పిల్లలు లేరు, భర్త పోయారు. ఒకరోజు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి అమ్మ ముందు కూర్చుంది.

"బడికి పంపకపోతే పోనీ వినోదా. మెట్లు దింపి మా ఇంటికి పంపడానికేం? నా వరండాలో బస్సులు తిరగవుగా."

"గేటు బయటికి మాత్రం తీస్కపోవద్దు మేడమ్. మీ కాళ్లు మొక్కుతా," అంది అమ్మ.

"నీ నోటితో నువ్వు సరేననేదాకా తీసుకెళ్లను. సరేనా?"

అలా నా చదువు గేటుకు ఇవతలే మొదలైంది. గేటుకు ఇవతల వరండా ఉంది, జామచెట్టు ఉంది, వాళ్లాయన వదిలి వెళ్లిన పాత కారు ఉంది. గుండ్రటి దీపాలు, ఆకాశనీలం రంగు, స్టీరింగు పక్కనే గేరు, రేకు డాష్‌బోర్డు మీద నాలుగు మీటర్లు. పాఠం పుస్తకంలో అర్థం కాకపోతే ఆమె నన్ను తీసుకెళ్లి ఆ కారులో కూర్చోబెట్టేది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజను వేడి చూపే ముల్లు ఒక్క ఊపున లేచి ఎర్ర గీత మీద పడింది. పేలిపోతుందనుకుని తలుపు తీసుకుని దూకేశాను.

"ఇప్పుడే కదే స్టార్ట్ చేసింది, అప్పుడే ఎలా ఉడుకుతుంది?" పెద్దమ్మ పడీపడీ నవ్వింది. "దూకితే దూకావు గానీ, అలా ముందుకు రా. ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టు."

బానెట్ ఎత్తి నా చెయ్యి ఇంజను మీద ఆనించింది. చల్లగా ఉంది.

"ముల్లు చెప్పేది ముల్లు సంగతి. ఇంజను సంగతి ఇంజనునే అడగాలి."

"మరి అబద్ధం చెప్పేది ఎవరు పెద్దమ్మా? ముల్లేనా?"

"ముల్లు కావచ్చు, తీగ కావచ్చు, ఇంజనుకు బిగించిన ఈ ఇత్తడి సెన్సర్ కావచ్చు. ముగ్గుర్నీ విడివిడిగా అడుగుదాం."

సెన్సర్ దగ్గర తీగ ఊడదీసి నన్ను మీటరు చూడమంది. ముల్లు మెల్లగా కిందికి వాలిపోయింది. తీగ ఊడగానే ముల్లు దిగిందంటే ముల్లుదీ తప్పు కాదు, తీగదీ తప్పు కాదు, సెన్సరే పాడైందని ఆమె విప్పి చెప్పి, కొత్తది తెప్పించి బిగించింది. ఆ రాత్రి అన్నం తింటూ నేను అమ్మకు ఇదంతా చెప్పాను. అన్న పోయాక నేను ఒక విషయం గురించి భయం లేకుండా మాట్లాడటం అదే మొదలని అమ్మ చాలా ఏళ్ల తర్వాత అంది.

ఒకసారి నాన్న యాదగిరిగుట్ట నుంచి చిన్న నరసింహస్వామి బొమ్మ తెచ్చారు. పీఠం కింద అయస్కాంతం, ఎక్కడ పెడితే అక్కడ అతుక్కుంటుంది. పెద్దమ్మకు ఏ ఆపదా రాకూడదని దాన్ని తీసుకెళ్లి మీటర్లకు సరిగ్గా పైన పెట్టి, గంధం బొట్టు పెట్టి, దండం పెట్టుకుని వచ్చాను. మర్నాటి నుంచి బ్యాటరీ చార్జింగు చూపే ముల్లు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇంజను ఆపినా అంతే. పెద్దమ్మ తీగలన్నీ వెతికింది, బ్యాటరీ విప్పింది, చెమటలు కక్కింది. చివరికి గుడ్డతో డాష్‌బోర్డు తుడుస్తూ స్వామిని చేతిలోకి తీసుకోగానే ముల్లు టక్కున నడిమికి వచ్చి నిలబడింది.

"ఓసి నీ భక్తి బంగారంగానూ!" అని పకపకా నవ్వి, స్వామిని కళ్లకద్దుకుని ఎడమ తలుపు దగ్గరికి జరిపింది. ఆమె పెద్దగా పూజలు చేసే మనిషి కాదు. అయినా ఆ బొమ్మను తీసెయ్యలేదు.

ఇంకో వానాకాలం వేడి ముల్లూ పెట్రోలు ముల్లూ రెండూ కూడబలుక్కున్నట్టు పైకి లేచాయి. ఆ రెంటికీ కరెంటు అందించే చిన్న రేకు డబ్బా డాష్‌బోర్డు వెనకాల ఉంటుంది. దాన్ని కారు రేకుకు కలిపే ఎర్తు వదులైతే రెండూ ఎక్కువే చూపిస్తాయి. "రెండూ జంటగా లేస్తే ఇంజన్నీ ట్యాంకునీ అనుమానించకు, వెనకాల చూడు," అంది పెద్దమ్మ. తుప్పు గీకి బిగించింది. చెమ్మ తగిలితే మళ్లీ వదులవుతుందని కూడా చెప్పింది. ఆ మాట నా మనసులో గట్టిగా నాటుకుంది.

పరీక్షలన్నీ ఇంటి నుంచే కట్టి డిగ్రీ దాకా వచ్చాక, అమ్మను ఎలా ఒప్పించిందో గానీ పెద్దమ్మ నాకు డ్రైవింగ్ నేర్పింది. నేనెప్పుడు నడిపినా పక్క సీట్లో ఆమె ఉండాల్సిందే. ఒంటరిగా స్టీరింగు పట్టే ధైర్యం నాకు లేదు, ఆ అవసరమూ రాలేదు.

ఆ అవసరం వచ్చిన రోజు పొద్దుటి నుంచి కుండపోత. మధ్యాహ్నం కిందికి వెళ్లేసరికి పెద్దమ్మ వరండాలో కుర్చీలో ఒరిగిపోయి ఉంది. చీరంతా చెమటతో తడిసింది. ఎడమ భుజం పట్టుకుని "గ్యాసే, ఏం లేదు" అంటోంది గానీ పెదవులు తెల్లబడ్డాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే రోడ్ల మీద నీళ్లు నిలిచాయి, ఆలస్యమవుతుందన్నారు. ఆటో ఒక్కటీ లేదు. నాన్న దుకాణంలో ఇరుక్కుపోయారు. నేను కారు తాళాలు తీసుకోవడం చూసి అమ్మ పరుగున వెళ్లి గేటుకు అడ్డం నిలబడింది.

"వద్దు బిడ్డా. ఈ వానల వద్దు. నాకు నువ్వొక్కదానివే ఉన్నవ్."

"పెద్దమ్మ పోతదమ్మా."

అమ్మ వరండా వైపు చూసింది. తర్వాత తనే గడియ తీసి గేటు రెండు రెక్కలూ తెరిచింది. "నేను గూడ ఒస్త. ఏమైతే ముగ్గురికీ అయితది," అని పెద్దమ్మను వెనక సీట్లో ఒళ్లో పడుకోబెట్టుకుంది.

కొత్తపేట దాటేసరికి అద్దం మీద వాన తప్ప ఏమీ కనబడటం లేదు. నీళ్లలో బండ్లు ఆగిపోయి ఉన్నాయి. క్లచ్ మీద నా కాలు నిలవలేదు. అప్పుడే వేడి ముల్లు లేవడం మొదలుపెట్టింది. చూస్తుండగానే ఎర్ర గీత దాటింది.

"గా ఎర్రగ ఏందే?" వెనక నుంచి అమ్మ. "ఆపు బిడ్డా, మండుతదేమో!"

ఆపితే నీళ్ల మధ్యలో మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదో. ఆపకపోతే ఇంజను వేడికి బిగుసుకుని పట్టేస్తుందేమో. పెద్దమ్మను అడుగుదామంటే ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి. పెట్రోలు ముల్లు వైపు చూశాను. ట్యాంకు అడుగున కొంచెమే ఉందని నాకు తెలుసు. ఆ ముల్లేమో నిండు గీత దాటి కూర్చుంది. రెండూ జంటగా లేచాయి.

"అది అబద్ధమమ్మా. ఎర్తు పోయింది, గంతే," అన్నాను. స్వామీ స్వామీ అనుకుంటూ ఆపకుండా పోనిచ్చాను. ఎల్బీ నగర్ దవాఖాన గేటు కనబడేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో నాకే గుర్తులేదు.

గుండెపోటు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నారు. పెద్దమ్మ కోలుకుని మాట్లాడగలిగిన రోజు మంచం పక్కన కూర్చుని ముల్లు సంగతంతా సంబరంగా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"రేడియేటర్ మూత తీసి చూశావా?"

"లేదు పెద్దమ్మా."

"వెళ్లి చూసి రా."

కారు దవాఖాన ఆవరణలోనే ఉంది. మూత తీసి లోపలికి చూస్తే, ఇంజన్ను చల్లబరిచే నీళ్లు కనబడలేదు. ఒక పుల్ల దించితే పొడిగా పైకి వచ్చింది. కింద రబ్బరు పైపు నిలువునా చీలి ఉంది. ఆ రోజు దారంతా వచ్చిన వాసన, వాన ఆవిరి అనుకున్న ఆ తెల్లటి పొగ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చక్రం పక్కనే తడి నేల మీద కూలబడ్డాను. ఎర్తు వదులైన మాట నిజమే. ఇంజను ఉడికిపోయిన మాటా నిజమే. ఆ నీళ్ల మధ్యలో ఏ క్షణమైనా అది ఆగిపోయి ఉండేది.

పైకి వెళ్లి చెప్పాను. పెద్దమ్మ నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"రెండూ అబద్ధమాడే రోజున కూడా ఒకటి నిజం చెబుతుండొచ్చు. ఆ ముక్క నీకు నేనే చెప్పలేదు."

"ఆగి చూసుంటే బాగుండేదా పెద్దమ్మా?"

"ఆగుంటే నేను లేను. ఇంజను పట్టేసినా నేను లేను. ఇంక దాన్ని లెక్క వెయ్యకు," అంది. నా చెయ్యి వదిలి, "మీ స్వామికో కొబ్బరికాయ కొట్టు. కొట్టి, ఆ పైపు మార్పించు," అంది.

ఆ తర్వాత ఆమె కొన్నేళ్లు బతికింది, మా అమ్మ చేతి ముద్ద తిని, అమ్మను పోరి పోరి మలక్‌పేట దాకా కారులో తిప్పి. ఇప్పుడు లేదు. ఆమె నేర్పిన చదువుతో నా ఇల్లు నడుస్తోంది. కానీ దానికంటే లోతుగా నాలో మిగిలిపోయింది మాత్రం ఆ ఎండిపోయిన రేడియేటర్. దేని గురించైనా నాకు పూర్తిగా తెలుసని గట్టిగా అనబోయినప్పుడు చిన్న భయం పుడుతుంది. దాన్ని వెళ్లగొట్టను. లేచి వెళ్లి ఇంకోసారి చెయ్యి పెట్టి చూస్తాను. సాయంత్రం దీపం ముందు నిలబడితే, నాకు తెలిసి దక్కినవాటికి దండం తొందరగానే అయిపోతుంది. నాకు తెలియకుండా స్వామి దాటించిన ఆపదలు ఎన్నున్నాయో తెలియదు కదా. వాటికోసం ఇంకాసేపు అక్కడే నిలబడతాను, కొంచెం భయంగానే.