పై ఇంటి అవ్వ తేయాకు ఇటుకలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జర్మన్ సరిగా వచ్చింది నాకొక్కదానికే. నాన్న జర్మనీలోని కార్ల్స్‌రూహెలో తను పనిచేసే చోట ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చేవాడు. అమ్మకు అంకెలూ, నమస్కారాలూ, 'కావాలి', 'వద్దు' తప్ప ఇంకేమీ రావు. అందుకని తొమ్మిదేళ్ల వయసులోనే డాక్టరు అపాయింట్‌మెంట్లలోనూ, ఇంటి ఓనరు దగ్గరా, చివరికి మా బడిలో నా మీద వచ్చే ఫిర్యాదులకు కూడా మాట చేరవేసేది నేనే. ఆ పనంటే నాకు విసుగు. పెద్దవాళ్లు పది మాటలు చెబితే మూడు చెప్పి పరుగెత్తేదాన్ని. ఆ మూడింటితోనే పని జరిగిపోయేది కనుక మిగతా ఏడూ అక్కర్లేనివని నమ్మేదాన్ని.

మా పై అంతస్తులో ఒక చైనా పెద్దావిడ ఒంటరిగా ఉండేది. అమ్మ ఆమెను 'పై ఇంటి అవ్వ' అనేది, నేనూ అలాగే అలవాటు పడ్డాను. అవ్వ భర్త పోయి అప్పటికి కొన్నేళ్లయింది. ఆయన బతికుండగా తన ఊరి నుంచి తెచ్చిన మూడు తేయాకు ఇటుకలు ఆమె దగ్గర ఉండేవి. ఆ ఊళ్లో ఆకును పులియబెట్టి, ఇటుకలా గట్టిగా అదిమి ఆరబెడతారు. జాగ్రత్తగా నిలవ చేస్తే ఏళ్లు గడిచేకొద్దీ దాని రుచి పెరుగుతుంది. రెండు ఇటుకలకు చుట్టిన కాగితం ఇంకా విప్పలేదు. మూడోది సగం వరకు కోసి ఉంది. భర్త పోయిన రోజు వచ్చినప్పుడు, ఏడాదికి ఒక్కసారి, అందులోంచి చిన్న ముక్క పెళ్లగించి కాచుకుని తాగేది. మిగతా రోజులన్నీ దుకాణంలో కొన్న టీయే.

ఒక వేసవిలో ఆమె ఇంటికి కొత్త కిటికీలు పెట్టించి, గోడలకు రంగులు వేయించాల్సి వచ్చింది. ఆ మూడు వారాలు డ్యూసెల్‌డార్ఫ్‌లో కూతురి ఇంట్లో ఉంటానంది. తేయాకు చుట్టుపక్కల ఏ వాసన ఉంటే దాన్ని పీల్చుకుంటుంది. రంగుల మధ్య వదలడానికి లేదు, అల్లుడు ఇంట్లోనే సిగరెట్లు తాగుతాడు కనుక వెంట తీసుకెళ్లడానికీ లేదు, కింద నేలమాళిగలో పెడితే చెమ్మకు బూజు పడుతుంది. అందుకని మూడు ఇటుకలనూ వెదురు బుట్టలో పెట్టుకుని మా ఇంటికి తెచ్చింది.

గుమ్మంలో నిలబడి, వేళ్లు మడుస్తూ, ఆమె జర్మన్‌లో చాలాసేపు చెప్పింది. నాకు ప్రతి మాటా అర్థమైంది. కానీ కింద నా స్నేహితురాళ్లు సైకిళ్ల మీద ఎదురుచూస్తున్నారు. మేం ఈతకు వెళ్లాలి. అవ్వ చెప్పడం ముగించాక అమ్మ నా వైపు చూసింది.

"గంతసేపు చెప్పింది, ఏమంటున్నది?"

"జాగ్రత్తగ సూస్కోమన్నది."

"గింతేనా?"

"గింతే అమ్మా."

అవ్వ ఒక క్షణం నన్ను చూసి, అమ్మ చేతులు రెండూ పట్టుకుని వెళ్లిపోయింది.

రెండో వారంలో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి బాల్కనీలో పాత చీర పరిచి ఉంది. దాని మీద మూడు ఇటుకలూ ఎండుతున్నాయి. కోసిన ఇటుకను అమ్మ పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. ఊళ్లో పప్పులకూ, పచ్చళ్ల ముక్కలకూ ఆమె చేసేది అదే. వస్తువును జాగ్రత్తగా చూడటమంటే ఎండ చూపించడం, గాలి దూరకుండా మూత పెట్టడం.

"సూస్తివా, లోపల పసుపు పసుపుగ బూజు వట్టింది. పాపం, ముసలామెకు కండ్లు ఆనలే. నేను సూడకపోతే మొత్తం పోతుండె," అంది. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ పసుపు నలుసుల గురించి అవ్వ ప్రత్యేకంగా చెప్పింది. అది బూజు కాదు, ఆ ఇటుక మంచిదనడానికి అదే గుర్తు, దాన్ని ముట్టుకోవద్దు. ఎండ తగలనివ్వద్దు. మూత పెట్టొద్దు. వంటింటి దగ్గర ఉంచొద్దు. నేను మింగేసిన మాటలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

"ఇగ సాలు, తియ్యమ్మా," అన్నాను.

"నీకేం తెల్సే. ఇంకో పూట ఎండనీ."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. మర్నాడు అమ్మ ఆ ఇటుకలను స్టీలు డబ్బాలో పెట్టి బిగించింది. అది మెంతిపొడి డబ్బా. సబ్బుతో కడిగి, తుడిచి, ఆరబెట్టి మరీ పెట్టింది. ఆ తర్వాతి రోజులు నాకు అన్నం సయించలేదు. అమ్మ బయటికి వెళ్లినప్పుడల్లా డబ్బా మూత తీసి వాసన చూసేదాన్ని. మెంతి వాసనే వచ్చేది. కాసేపు తెరిచి ఉంచి, తాళం చప్పుడు వినగానే మళ్లీ బిగించేదాన్ని. జ్వరమేమోనని అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే ఇంకా భయమేసేది. పైన పనివాళ్లు కిటికీలు బిగిస్తున్న చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు ఆగిపోకూడదని కోరుకున్నాను.

అవ్వ వచ్చింది. అమ్మ నవ్వుతూ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టింది. అవ్వ మూత తీసి వాసన చూసింది. కోసిన ఇటుకను కిటికీ వైపు తిప్పి చూసింది. తర్వాత మెల్లగా కుర్చీలో కూర్చుంది. అమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఏమైందట? తుడిసింది నేనే, ఎండవెట్టింది నేనే. తప్పైతే నాదే అని చెప్పు," అంది అమ్మ.

చెప్పాను. నా జీవితంలో అంత కచ్చితంగా ఒక మాటను చేరవేయడం అదే మొదలు. కానీ అది అబద్ధమని నాకు తెలుసు.

అవ్వ అమ్మ వైపు కాదు, నా వైపు చూసింది. కోపం లేదు. ఇప్పుడు తను ఒక్కో వాక్యం చెబుతానని, నేను దాన్ని అమ్మకు చెప్పేదాకా ఆగుతానని అంది. ఒక వేలు మడిచింది. ఎండ తగలకూడదు. చెప్పాను. రెండో వేలు. గాలి ఆడాలి, మూత ఉండకూడదు. చెప్పాను. మూడో వేలు. వంటింటి వాసన సోకకూడదు. నాలుగోది పసుపు నలుసుల గురించి. గుమ్మంలో ఆ రోజు చెప్పినవే, అదే వరసలో. అమ్మ ఆ వేళ్ల వంకే చూస్తోంది.

"మొన్న గూడ గిదే చెప్పిందా?"

"చెప్పింది."

అమ్మ నన్ను కొట్టలేదు. "గదే ఆమెకు చెప్పు," అంది.

ఈత కోసం తొందరపడి అమ్మకు ఇవేవీ చెప్పలేదని నా జర్మన్‌లో నేనే చెప్పుకున్నాను. అవ్వ తల ఊపింది. తనకు తెలిసిన తీరులో మీ అమ్మ ఎంత జాగ్రత్తగా చూసిందో నాకు అర్థమైంది, ఆ మాట కూడా చెప్పు, అంది. చెప్పాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

కాగితం విప్పని రెండింటినీ అవ్వ పైకి తీసుకెళ్లింది. కోసినదాన్ని మా పడకగదిలో, ఎండ రాని మూల, మూత లేని బుట్టలో ఉంచమంది. లోపల ఏమైనా మిగిలిందో లేదో కోస్తే గాని తెలియదు, భర్త పోయిన రోజు వచ్చేదాకా కోయనంది. ఆ రోజు నవంబరులో. చలి మొదలై హీటర్ వేశాక గది మరీ పొడిబారకుండా బుట్టకు కొంచెం దూరంలో గిన్నెతో నీళ్లు పెట్టడం నా పని. ప్రతి ఆదివారం వాసన చూసి, పైకి వెళ్లి ఎలా ఉందో చెప్పి రావాలి. మెంతి వాసన పోలేదని చెప్పిన ప్రతిసారీ ఆ మెట్లు నాకు చాలా ఎక్కువగా అనిపించేవి. ఒకటి రెండుసార్లు తగ్గిందని చెబుదామనిపించింది. చెప్పలేదు.

నవంబరులో అవ్వ మా ఇంటికే వచ్చి ఇటుకలో కత్తి దింపింది. లోతుగా, మధ్యలో, కొన్ని పసుపు నలుసులు ఉన్నాయి. టీ కాచి మూడు కప్పుల్లో పోసింది. అమ్మ ఒక గుక్క తాగి, "మెంతుల కషాయం లెక్కున్నది," అంది. నేను కాసేపు తటపటాయించి ఆ మాట యథాతథంగా చెప్పాను. అవ్వ నవ్వింది. నవ్వి, ఆయన ఉంటే ఇంకా ఘోరంగా అనేవాడని చెప్పి, కప్పు ఖాళీ చేసింది.

ఇప్పుడు నా తల సగం నెరిసింది. అవ్వ లేదు. పోయిన చలికాలం అమ్మ కూడా వెళ్లిపోయింది. చివరి నెలల్లో ఆస్పత్రిలో డాక్టరు చెప్పేది అమ్మకు చెప్పడం మళ్లీ నా పనే అయింది. ఆయన మొదటి రోజే నన్ను వరండాలోకి పిలిచి, ఎంతవరకు చెప్పాలో మీరే చూసుకోండి అన్నాడు. నేను ఆయన్ని లోపలికి రమ్మన్నాను. మంచం పక్కన కూర్చుని, ఒక్కో వాక్యం చెప్పి ఆగమన్నాను. ఒక వాక్యం దగ్గర నాకు మాట రాలేదు. డాక్టరు ఆగాడు. అమ్మ నా ముఖంలోకి చూస్తూ ఆగింది. తర్వాత చెప్పాను. అమ్మ విని, తను అడగదలచుకున్నవి మూడు ప్రశ్నలు అడిగింది, మూడింటికీ జవాబులు తెలుసుకుంది. తగ్గించి చెబితే ఆమె ఇంకొన్ని రాత్రులు హాయిగా నిద్రపోయేదేమో. నాకు తెలియదు. ఆమె ప్రశ్నలు మాత్రం ఆమె దగ్గరే మిగిలిపోయేవి.