అత్తగారు గొంతు తగ్గించిన నెల

మా అత్తగారి గొంతు గురించి ముందు చెప్పాలి. జీవితమంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. మొగుడు పోయాక ఆ గొంతుతోనే కొడుకుని పెంచుకొచ్చింది. రిటైరయ్యాక ఇల్లే ఆవిడకి బస్సు. "జరుగు, జరుగు, తలుపు దగ్గర నిలబడకు" అంటూ వంటింట్లో నన్ను తోసుకుంటూ తిరిగేది. ఉప్పు డబ్బా అడిగితే వీధి చివరివాళ్ళు తెచ్చివ్వాలన్నంత గట్టిగా అడిగేది.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే, పక్క గదికి కూడా వినపడకుండా, ఆ గరిటె కాస్త ఇస్తావా అంది. గరిటె ఇచ్చాను గానీ నా గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే అప్పటికే నేనూ మా ఆయనా వేరే ఇల్లు చూసుకున్నాం. నెలాఖరుకి మారిపోవాలి. ఆవిడకి ఇంకా చెప్పలేదు. నా మానాన నేను వండుకునే వంటిల్లు ఒకటి కావాలి, పెళ్ళయినప్పటి నుంచీ నేను పోరుతున్నది అదొక్కటే.

ఆ వారం గొంతు తగ్గింది. తర్వాతి వారం నా గిన్నెల మూతలు తీసి చూడటం మానేసింది. ఆ పైన మా గది తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి రావడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి అలవాటుగా కేకేసి, వెంటనే నాలుక కరుచుకుని, అదే మాట మళ్ళీ మెల్లగా చెప్పింది. ఈ వయసులో మనుషులు ఇలా విడతలవారీగా బాగుపడతారా ఎక్కడైనా? మా సంగతి తెలిసిపోయింది, కొడుకుని కొంగున కట్టేసుకోవడానికే ఈ నాటకమంతా అనుకున్నాను.

అనుకున్నంతా అయింది. అమ్మ మారింది కదా, ఇంకొన్నాళ్ళు చూద్దామా అని మా ఆయన నసిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ సాయంత్రం బట్టలు తీయడానికి మేడమీదికి వెళ్తే ఓ పట్టాన దిగిరావడం లేదు. ఎవరితోనో ఫోన్లో మంతనాలు సాగుతున్నాయనుకుని, చెప్పులు కిందే వదిలేసి వెనకాలే వెళ్ళాను. ఫోనూ లేదు, పక్కన మనిషీ లేడు. ఆరేసిన నా బట్టల ముందు నిలబడి, "బాగున్నావా అమ్మా? తిన్నావా? పనిలో ఉన్నట్టున్నావు, తర్వాత మాట్లాడతాలే" అంటోంది. గొంతు పెరిగినప్పుడల్లా ఆగి, మళ్ళీ మొదట్నుంచి అందుకుంటోంది.

ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"మేం వెళ్తున్నట్టు మీకు తెలుసు కదా అత్తయ్యా? ఆపడానికేనా ఇదంతా?"

ఆవిడ బట్టలు మడతపెడుతూనే ఉంది. మేం చూసుకున్న ఇంటి యజమాని ఒకప్పుడు రోజూ తన బస్సే ఎక్కేవాడట, అతనే చెప్పాడట.

"ఆపను, వెళ్ళండి. ఇక్కడుంటే నా అరుపులు తప్పక పడ్డావు. అక్కడికెళ్ళాక నువ్వు ఫోను తీయకపోతే నేనేం చేస్తాను? అందుకే, మీరు వెళ్ళేలోపు నేర్చుకుంటున్నా."

నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అయినా ఇల్లు మారడం మాత్రం మానుకోలేదు.

మారిన మర్నాడే ఫోను చేసింది. పొయ్యి మీద కూర పెట్టి ఉన్నాను. మాటలు గాలి ఊదినట్టు వస్తున్నాయి, ఒక్క ముక్క అందితే ఒట్టు. పొయ్యి కట్టేసి, కిటికీ మూసి, ఫోను చెవికి అదుముకున్నాను.

"అత్తయ్యా, ఏమీ వినపడటం లేదు. మీరెప్పుడూ మాట్లాడేట్టే మాట్లాడండి."

ఆవిడ అంతే మెల్లగా అడిగింది.

"పర్లేదా?"